కొలతకు ముందు కొలబద్ద

(మన సంఘ పఠనమందిరమున జరిగిన నెలసరి సభలో చేసిన ప్రసంగపాఠము)

 

చాలకాలము కళాశాలలో భౌతికశాస్త్రమును బోధించి, ఇప్పుడు ఇంటిపట్టున విశ్రాంతిగా నున్న నన్ను ఈ వేదికమీదికి పిలిచినవారు నా నోటినుండి ఒక తీర్పును వినగోరుచున్నారని నేనెరుగుదును. గోడమీది ఆ చిన్న పెట్టె ఉండవలెనా, తీసివేయవలెనా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము చెప్పి కూర్చుండుట నాకును సుళువే. కాని అట్లు చెప్పినచో సగముమంది సంతోషింతురు, సగముమంది చిన్నబుచ్చుకొందురు, ఎవరికిని క్రొత్తగా తెలిసినది ఏమియు ఉండదు. అందుచేత నేడు తీర్పు చెప్పను. తీర్పునకు కావలసిన కొలబద్ద ఎట్టిదో మనవి చేసెదను.

జరిగినది మీలో పెక్కుమందికి తెలిసినదే. ఐనను ఈ ప్రసంగమును పత్రికలో చదువు ఇతర రాష్ట్రముల సభ్యులకొరకు క్లుప్తముగా చెప్పుదును. ఈ బరంపురమున మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు; బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుదురు. వారికి తెలుగు అక్షరములు నేర్పుటకు మనకున్నది ఆదివారపు తరగతి యొక్కటే. ఇక్కడ బోధించువారు దొరకకపోవుటచే, విశాఖపట్టణమునుండి ఒక ఉపాధ్యాయురాలు తెరమీద కనబడి పాఠము చెప్పుచున్నారు. అందుకొరకే ఈ హాలులో వైఫై రౌటరు బిగించితిమి. బిగించినవాడు తీగ పొదుపు చేయదలచి, సరిగా పిల్లలు కూర్చుండు బల్లకు పైగోడమీదనే బిగించినాడు. ఒక తల్లి దానిని చూచి, తన బిడ్డను తరగతి మాన్పించినది. ఆమె వెంట మరికొందరు మాన్పించిరి. ఒక సోదరుడు బజారులో దొరకు చౌక మీటరునొకదానిని తెచ్చి పెట్టెకు ఆనించగా, అది కీచుమని కూసి ఎఱ్ఱదీపము వెలిగించినది. వేరొక సోదరుడు “ఇదంతయు మూఢనమ్మకము” అని పకపక నవ్వెను. ఎఱ్ఱదీపముకంటె ఆ నవ్వే ఆ తల్లి మనస్సును ఎక్కువగా నొప్పించినదని నేను విన్నాను. తుదకు పెట్టెను ఆపివేసితిమి. మూడు వారములనుండి తెర చీకటిగా నున్నది.

చీకటిలో త్రాడును చూచి పామనుకొన్న కథ మనకు వేదాంతులు చెప్పినదే. భయపడినవానిని చూచి నవ్వుట వలన పాము పోదు. “పామే” అని అరచుట వలన త్రాడు కదలదు. దీపము తెచ్చి చూడవలెను. ఒకవేళ అది నిజముగా పామే యైనను, దీపము తెచ్చిన తరువాతనే గదా కఱ్ఱ తీయవలెనో, ప్రక్కకు తొలగవలెనో తెలియుట! ఈ విషయములో దీపమనగా కొలత.

ముందుగా, కొలువవలసిన వస్తువేమో చూతము. రౌటరునుండి వెలువడునది విద్యుదయస్కాంత తరంగము. ఆకాశవాణి తరంగము, దీపపు వెలుతురు, ఆసుపత్రిలోని ఎక్స్‌రే ఇవన్నియు ఒకే కుటుంబములోనివి. భేదము కంపనముల సంఖ్యలో నున్నది. వైఫై తరంగము ఒక సెకనుకు సుమారు 240 కోట్ల మారులు కంపించును. దాని తరంగదైర్ఘ్యము పండ్రెండున్నర సెంటీమీటర్లు, అనగా జానెడులో సగమునకు కొంచెము పైన. కొన్ని రౌటర్లు ఇంతకు రెట్టింపునకు పైబడిన కంపనములతో గూడ పనిచేయును. కంటికి కనబడు వెలుతురు వైఫై తరంగముకంటె సుమారు రెండు లక్షల రెట్లు వేగముగా కంపించును. ఎక్స్‌రే అంతకంటెను మిక్కిలి హెచ్చు. ఎక్స్‌రే అణువులను చీల్చగలదు. వైఫై తరంగమున కట్టి శక్తి లేదు. శరీరముపై దాని ప్రభావములలో నిస్సందేహముగా రుజువైనది వేడి పుట్టించుట. ఎంత వేడి యనునది ఎంత శక్తి సోకుచున్నదను దానిపై ఆధారపడును. కావున “ఎంత?” అను ప్రశ్న లేకుండ “మంచిదా, చెడ్డదా?” అను ప్రశ్నకు అర్థము లేదు.

ఇక్కడ మన పట్టునేతవారు కూర్చున్నారు. ఎవరి చేతి మూర వారిదైనచో బేరమెట్లు కుదురునో వారికి నేను చెప్పవలసిన పని లేదు. ఈ కొలతలోను రెండు మూరలు కలవు. ఒకటి, విద్యుత్ క్షేత్రబలము; దీనిని మీటరుకు ఇన్ని వోల్టులని చెప్పుదురు. రెండవది, శక్తి సాంద్రత. దీనిని చదరపు మీటరుకు ఇన్ని వాట్లని చెప్పుదురు. మూలమునకు దూరముగా నున్నచోట ఒకటి తెలిసిన రెండవది లెక్కకట్టవచ్చును: వోల్టుల సంఖ్యను దానిచేతనే గుణించి 377తో భాగింపవలెను. మీటరుకు 1 వోల్టు అనగా చదరపు మీటరుకు సుమారు 2.65 మిల్లీవాట్లు. వోల్టులు రెట్టింపైనచో వాట్లు నాలుగు రెట్లగును. ఈ సంగతి తెలియక ఒకరు వోల్టులలోను, ఒకరు వాట్లలోను వాదించుకొన్నచో తెల్లవారినను తగవు తీరదు.

మరి హద్దు ఎంత? అయనీకరణము కలిగింపని కిరణముల విషయమై పనిచేయు అంతర్జాతీయ సంఘము 1998లోను, మరల 2020లోను సూత్రములను ప్రకటించినది. వైఫై వాడు తరంగములకు ప్రజల విషయమై వారు పెట్టిన హద్దు చదరపు మీటరుకు 10 వాట్లు. దీనికి ఆధారమిది: శరీరపు కిలోగ్రాముకు 4 వాట్లు సోకినచోట హాని ఆరంభమగునని గ్రహించి, ప్రజలకు దానిలో యాభయ్యవ వంతునే, అనగా 0.08 వాట్లనే అనుమతించిరి. మన దేశము 2008లో ఆ అంతర్జాతీయ సూత్రములను స్వీకరించి, 2012 సెప్టెంబరు 1 నుండి సెల్‌ఫోను గోపురముల విషయమై వానిని పదవ వంతునకు తగ్గించినది. ఆ లెక్కను ఇక్కడ అన్వయించినచో చదరపు మీటరుకు 1 వాటు. నేను ఈ కఠినమైన హద్దునే ప్రమాణముగా తీసికొందును.

ఇక కాగితముమీద ఒక లెక్క. ఇండ్లలో వాడు రౌటరు సాధారణముగా 100 మిల్లీవాట్ల శక్తిని వెలువరించుననుకొందము. ఆ శక్తి నలుదిక్కుల సమముగా వ్యాపించినచో, ఒక మీటరు దూరమున చదరపు మీటరుకు సుమారు 8 మిల్లీవాట్లు. రెండు మీటర్ల దూరమున 2 మిల్లీవాట్లు. మూడు మీటర్ల దూరమున ఒక మిల్లీవాటుకంటె తక్కువ. దూరము రెట్టింపైనచో సోకునది నాలుగవ వంతగును. దీపమునుండి దూరము జరిగినకొలది పుస్తకముమీది వెలుతురు తగ్గుట ఇట్టిదే. 2005లో మన దేశపు నియమము ఈ 2.4 గిగాహెర్ట్జు తరంగములకు అనుమతించిన గరిష్ఠశక్తి 4 వాట్లు. అంతటి రౌటరే ఎడతెగక ప్రసారము చేయుచున్నదనుకొన్నను, ఒక మీటరు దూరమున చదరపు మీటరుకు 0.32 వాట్లగును; ఇదియు మనము చెప్పుకొన్న 1 వాటు హద్దులో మూడవ వంతునకు లోపలనే.

కాగితపు లెక్క కాగితపు లెక్కయే యని మీరనవచ్చును. నిజముగా కొలిచినవారున్నారు. ఇంగ్లండులో పాఠశాలల వైఫైనిగూర్చి మనవంటి తగవే లేచినప్పుడు, నాటి ఆరోగ్య రక్షణ సంస్థవారు 2007లో పరిశోధనకు పూనుకొనిరి. ఫలితములు 2011లో వెలువడినవి. బడులలో వాడు 15 ల్యాప్‌టాపులను, 12 రౌటర్లను తెచ్చి, వాని చుట్టును క్షేత్రమును కొలిచిరి. అర మీటరు దూరమున, అన్నిటికంటె హెచ్చుగా నున్న దిక్కున, ల్యాప్‌టాపునుండి చదరపు మీటరుకు 22 మిల్లీవాట్లు, రౌటరునుండి 87 మిల్లీవాట్లు కనబడినవి. పిమ్మట వారు తరగతి నడచుచుండగా పెట్టెలు ఎంతసేపు పలుకుచున్నవో, ఎంతసేపు మౌనముగా నున్నవో కొలిచిరి. రౌటర్లు నూటికి ఒకటి మొదలు పండ్రెండు పాళ్ల కాలము మాత్రమే ప్రసారము చేయుచున్నవి. ల్యాప్‌టాపులు నూటికి ఒక పాలైనను చేయుటలేదు. పదేండ్ల బిడ్డ శరీరపు నమూనాతో లెక్కకట్టి, 34 సెంటీమీటర్ల దూరమునుండి మొండెమునకు సోకు శక్తి హెచ్చుగా నున్నచోట కిలోగ్రాముకు 80 మైక్రోవాట్లని తేల్చిరి. శరీరములోని ఒక్కచోట సోకుదానికి అంతర్జాతీయ హద్దు కిలోగ్రాముకు 2 వాట్లు. అనగా హద్దులో ఇరువదియైదువేలవ వంతు.

అట్లయిన మన సోదరుని మీటరు ఎందుకు ఎఱ్ఱబడినది? అది అబద్ధమాడినదని నేననను. దానిని అడిగిన ప్రశ్నలోనే పొరపాటున్నది. ఏలననగా, ఆ మీటరు క్షణకాలపు శిఖరమును చూపును. రౌటరు ఎవరును వాడనప్పుడు సైతము “నేనిక్కడ నున్నాను” అని సెకనుకు సుమారు పదిమారులు చిన్న పిలుపు నిచ్చును. ఆ పిలుపుల శిఖరము వేరు, సగటు వేరు. హద్దులను సగటునకే నిర్ణయించిరి. 1998 సూత్రములలో ఆరు నిమిషముల సగటు, 2020 సూత్రములలో మొత్తము శరీరమునకు ముప్పది నిమిషముల సగటు. రెండవది, మీటరును పెట్టెకు ఆనించితిమి. మూలమునకు రెండు సెంటీమీటర్ల లోపల క్షేత్రము ఇంకను తరంగరూపమున కుదురుకొనదు. అచ్చట చూపిన అంకెతో వాట్లు లెక్కకట్టరాదు. పైగా ఏ బిడ్డయు ఆ పెట్టెమీద కూర్చుండదు! మూడవది, అట్టి మీటరు ఒక దిక్కు క్షేత్రమునే పట్టును. త్రిప్పినకొలది అంకె మారును. మూడు దిక్కులను కలిపి పట్టు సాధనము కావలెను. నాలుగవది, కొలుచువాని జేబులో సెల్‌ఫోను మ్రోగుచున్నది.

అదియే నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి. పెట్టెను ఆపివేసిన ఈ మూడు వారములలో మన పిల్లలు పాఠము మానలేదు. కొందరు తల్లుల సెల్‌ఫోనులను చేతబట్టుకొని ఈ హాలులోనే పాఠము చూచుచున్నారు. ఈ పాతకాలపు మందపాటి గోడల నడుమ గోపురపు సంకేతము బలహీనముగా నుండును. సంకేతము బలహీనమైనకొలది ఫోను తన గొంతు పెంచును. నాలుగవ తరము ఫోను గరిష్ఠముగా 200 మిల్లీవాట్లతో పలుకగలదు. అది అట్లు పలుకుచున్న క్షణమున, ముప్పది సెంటీమీటర్ల దూరమున పట్టుకొన్న బిడ్డకు సోకునది చదరపు మీటరుకు సుమారు 177 మిల్లీవాట్లు. రెండు మీటర్ల దూరపు రౌటరు లెక్క 2 మిల్లీవాట్లని మీకు జ్ఞాపకముండును. ఫోను ఎల్లప్పుడు గరిష్ఠశక్తితో పలుకదు. మంచి సంకేతమున్నచోట వేయి రెట్లు తగ్గించుకొనును. ఐనను, గోడమీదిదానికి భయపడి ఆపివేసినదియు, ఒడిలోనికి తెచ్చుకొన్నదియు ఒకే జాతి వస్తువని గమనింపవలెను. కొలవకుండ చేసిన జాగ్రత్త ఒక్కొక్కప్పుడు ఇట్లు పరిణమించును.

ఇంతవరకు విన్నవారు ఆ తల్లి భయము నిరాధారమని నేను చెప్పుచున్నాననుకొనవచ్చును. నేనట్లు చెప్పుట లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2011 మే 31న ఈ తరంగములను “క్యాన్సరు కలిగింప వీలున్నవి” అను తరగతిలో, అనగా 2బి వర్గములో చేర్చినది. ఆ వార్త విన్న తల్లి జంకుట తప్పు కాదు. అయితే ఆ వర్గీకరణము సాక్ష్యపు బలమును చెప్పునేకాని అపాయపు పరిమాణమును చెప్పదు. కలబంద మొత్తము ఆకు సారము కూడ ఆ వర్గములోనే కలదు. తరువాత అదే ఆరోగ్య సంస్థ కోరికపై జరిగి 2024లో ప్రకటింపబడిన సమీక్షలో, సెల్‌ఫోను వాడుకకును మెదడు క్యాన్సరునకును సంబంధము కనబడలేదు. రెండు మాటలును మీ ముందుంచితిని. మీటరు తరంగబలమును చెప్పగలదు, ఆరోగ్యమును చెప్పలేదు. ఆ బలమును హద్దుతో పోల్చుకొనుటయే మనకు చేతనైన పని. పోల్చిన పిమ్మటను ఒకరికి భయము మిగిలినచో వారిని మన్నించుట సంఘధర్మము.

వచ్చు ఆదివారము కళాశాలవారి మూడు దిక్కుల మీటరును అడిగి తెత్తును. ఆ సెల్‌ఫోను గోపురముల సంగతి చూచుటకు కేంద్ర టెలికాం శాఖవారు 2017లో తరంగ్ సంచార్ అను ఏర్పాటు చేసిరి. కాని మన గదిలోని రౌటరును మనమే కొలుచుకొనవలెను. కొలుచుటకు ముందే, ఈనాడే, ఈ సభలోనే, ఈ షరతులకు మీ అంగీకారమును కోరుచున్నాను.

మొదటిది: అందరి సెల్‌ఫోనులు బయట బల్లమీద ఆపివేసి పెట్టవలెను.

రెండవది: ముందు రౌటరును ఆపి కొలువవలెను, పిమ్మట పాఠము నడచుచుండగా కొలువవలెను. కిటికీగుండ కనబడు గోపురపు పాలు మొదటి కొలతలో తెలియును. రెంటికిని గల భేదమే రౌటరు పాలు. ఈ తీసివేతను వాట్లలో చేయవలెను, వోల్టులలో చేయరాదు. ఉదాహరణకు, ఆపినప్పుడు 0.3 వోల్టులు, నడచినప్పుడు 0.5 వోల్టులు ఉన్నచో రౌటరు పాలు 0.2 కాదు, 0.4.

మూడవది: ఒక్కచోట కొలిచి చాలించరాదు. ఈ ఇనుప బీరువాలు, కిటికీ ఊచలు తరంగములను వెనుకకు త్రిప్పును. జానెడు జరిగినచో అంకె మారును. ఐరోపావారు నిలువుగా 1.1, 1.5, 1.7 మీటర్ల ఎత్తులలో కొలిచి సగటు కట్టుదురు. మన బిడ్డలు కూర్చుందురు గనుక, వారి తల యెత్తునను, రొమ్ము యెత్తునను గూడ బల్ల పొడవునా కొలుచుదము.

నాలుగవది: ప్రతిచోట ఆరు నిమిషముల సగటు తీయవలెను.

ఐదవది: కొలుచునప్పుడు బిడ్డను మాన్పించిన తల్లియు, నవ్విన సోదరుడును ఇరువురును ప్రక్కన నిలిచి అంకెలను తమ చేతులతో వ్రాయవలెను.

ఇక అసలైన షరతు. మన హద్దు ఎంతయో అంకె చూడకముందే నిర్ణయింతము. చదరపు మీటరుకు 1 వాటులో నూరవ వంతు, అనగా 10 మిల్లీవాట్లు, మన పిల్లల బల్లకు హద్దుగా పెట్టుకొందమని నా సూచన. ఈ నూరవ వంతు శాస్త్రము విధించినది కాదు. మన మనశ్శాంతికై మనము పెట్టుకొనునది. ఈ హద్దు దాటదని నా కాగితపు లెక్క చెప్పుచున్నది. కాని నా లెక్క తప్పుగావచ్చును. గోడలు నా మాట వినవు. దాటినచో పెట్టెను అక్కడనుండి తీసి మరల కొలువవలెను. దాటకున్నచో తరగతి తిరిగి ఆరంభము కావలెను. అంకె వచ్చిన తరువాత “హద్దు ఇంకను తగ్గింపుడు” అని ఒకరును, “హద్దే అక్కరలేదు” అని ఒకరును అనరాదు. బట్ట కొలిచిన పిదప గజముబద్దను మార్చు వర్తకుని మనము అంగడిలో ఒప్పుకొనము గదా!

అంకె ఎట్లున్నను రెండు పనులు చేయుదమని నా మనవి. రౌటరును పిల్లల బల్లమీదనుండి ఎదుటి గోడకు మార్చుదము. దానికి కొన్ని మూరల తీగ ఖర్చు. తరగతి లేనివేళ దానిని ఆపివేయుదము. దానికి అసలే ఖర్చు లేదు. చౌకగా దొరకు జాగ్రత్తను వదలుకొనుటలో శాస్త్రమేమియు లేదు. ఖరీదైన జాగ్రత్తను కొలువకుండ కొనుటలోను లేదు. మన కిప్పుడు అన్నిటికంటె ఖరీదైన జాగ్రత్త ఏది? తెలుగు తరగతిని మూసి వేయుట. ఒక ఆదివారము పోయినచో ఒక అక్షరము పోవును. ఇంట మాత్రమే వినబడు భాషకు ఆ నష్టము తిరిగి వచ్చునది కాదు.

అమ్మా, ఈ సభలో వెనుక వరుసన కూర్చున్న తల్లీ! మీరు ప్రశ్న అడిగినందుకు ఈ సంఘము మీకు ఋణపడి యున్నది. మీరడుగకున్నచో పెట్టె బిడ్డల తలపైననే ఉండెడిది. మేమెవ్వరమును కొలువ తలపెట్టియుండెడివారము కాము. వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు దయచేయుడు. మొదటి అంకెను మీరే చదువవలెను. అది ఏదైనను, ఈ గోడమీదను, మన పత్రికలోను ఉన్నది ఉన్నట్లు వ్రాయింతము.